గోడకవతలి చప్పుళ్లు

పదమూడేళ్లుగా మా రెండిళ్లకీ ఒకటే గోడ.
గ్రిమ్స్‌బీలో మా వీధంతా అంతే,
ఒకరి దగ్గు ఇంకొకరి వంటింట్లో వినపడుతుంది.
పొద్దున ఆరున్నరకి గ్లెండా ఇంట్లో
ఏదో ఒకటి కింద పడేది.
మనిషికి కోపం ఎక్కువనుకున్నాను.
మా ఆవిడ ఉన్నన్నాళ్లూ అనేది,
"మొదలెట్టింది మళ్లీ" అని.

ఆగస్టులో ఒక సాయంత్రం ఫారం తెచ్చింది,
చంకలో ఇరికించుకుని.
"నెవిల్, నీ రాత బావుంటుందిగా,
క్రిస్మస్ కార్డుల మీద చూశాను."
నలభై పేజీల దాకా ఉంది.
నల్ల సిరాతోనే రాయాలట.

మొదట వంట.
ఒక్కరికి సరిపడా మామూలు భోజనం వండుకోగలరా?
కూరగాయ తరగగలరా?
నవ్వింది.
రేవు పక్క షెడ్డులో ఇరవై ఆరేళ్లు
మంచునీళ్లలో చేతులు నానబెట్టి
పన్నెండు సెకన్లకో హాడక్ చేపని
ముల్లొక పక్క, కండొక పక్క తీసిపెట్టిన మనిషి.
"ఒక్కరికి" అన్న మాట దగ్గర మాత్రం
కాసేపు ఆగింది.
"బంగాళాదుంప జారిపోతుంది."
"జారితే?"
"వంగి తీయలేను. పొయ్యి కిందికి దొర్లినవి
నాలుగున్నాయి. ఈపాటికి మొలకలొచ్చుంటాయి."
అది రాయనా అన్నాను.
వద్దంది.
రాశాను.

అక్కడే మాకు పేచీ.
నేను "చేసుకోలేను" అని రాస్తే
"తీరిగ్గా చేసుకుంటాను" అని మార్చమంటుంది.
"వాళ్లు పాయింట్లు లెక్కేస్తారు గ్లెండా,
పరువు కాదు" అన్నాను.
అని, నేనే తల దించుకున్నాను.
నేనూ యూనిఫాం వేసుకున్నవాణ్నే.
పది పెన్నీలు తక్కువైతే
వానలో బస్సు దింపేసినవాణ్ని.

స్నానం పేజీకొచ్చేసరికి
కిటికీ వైపు తిరిగింది.
జవాబులన్నీ కిటికీకే చెప్పింది.
తలెత్తకుండా రాసుకున్నాను:
బొత్తాలు, లోబట్టల కొక్కేలు, షాంపూ సీసా మూత.

ఆరున్నర చప్పుడు కెటిల్.
ఆరూ నలభై, మందుల డబ్బా,
పిల్లలు తెరవకూడదని చేసిన మూతని
పళ్లతో తిప్పబోయి వదిలేసినప్పుడు.
ఏడు తర్వాత చాలాసేపు ఏమీ వినపడేది కాదు.
అది మేజోళ్లట.
"ఒకటి చేతిలో పట్టుకుని
మంచం అంచున అలా కూర్చుంటాను" అంది.
మా ఆవిడకి చెప్పాలనిపించింది.

ఎంత దూరం నడవగలరు?
ఇరవై మీటర్లా? యాభయ్యా?
"సముద్రం గాలి లేకపోతే మూల కొట్టు దాకా.
ఉంటే గేటు దాకా."
వాళ్లిచ్చిన గళ్లలో గాలికి చోటు లేదు.
మార్జిన్‌లో రాశాను.

నవంబరులో ఫోనొచ్చింది. గొంతు మంచిదేనట.
"కుక్కపిల్ల ఉందా మీకు?" అని అడిగింది.
ఉంది, పేరు పికిల్స్, ఒక చెవి తెల్లగా ఉంటుంది,
అని సంబరంగా చెప్పుకుంటూ పోయింది గ్లెండా.
"మరి దాన్ని రోజూ ఎవరు తిప్పుతారు?"
అప్పటిదాకా తెలీలేదట,
అది కబుర్లు కాదని.

జనవరిలో గోడ మీద రెండు దెబ్బలు.
మోచేత్తో కొట్టినట్టు.
వెళ్తే, బల్ల మీద గోధుమరంగు కవరు.
వచ్చి మూడు రోజులైందట.
చేతులు పనిచేస్తాయో లేదో తేల్చిన కాయితం,
చింపడానికి చేతులు రాలేదు.

నేను చింపబోతే ఆపింది.
సొరుగులోంచి తన పాత కత్తి తీయించింది,
అరిగి అరిగి చిటికెనవేలంత సన్నబడ్డది.
"అలా కాదు. పొడవకు.
బొటనవేలు వెనక్కి. పడుకోబెట్టు కత్తిని.
తల దగ్గర మొదలెట్టి, ముల్లు వెంటే పోనీ.
దారి అదే చూపిస్తుంది."

కవరు చప్పుడు లేకుండా తెరుచుకుంది.
ఆమె కాయితం వైపు చూడలేదు,
నా మణికట్టునే చూస్తోంది.
"ఫర్వాలేదు," అంది,
"నిన్నైతే రెండో రోజే
పనిలోంచి తీసేసేవాళ్లు."